పెంగెల్లీ మింగిన బ్రేకులు

పెంగెల్లీ దిగుడు దగ్గర పొద్దు వాలాక కాకి కూడా వాలదు. ఒకసారి తెలియక వాలిన కాకి తెల్లారేసరికి తెల్లబడి ఎగిరిపోయింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ కాకిని చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఎర్రమట్టి గట్టు మీంచి దారి నిట్టనిలువుగా ఏటి ఒడ్డుకి దిగుతుంది. ఎద్దుబళ్ళ కాలంలో పెంగెల్లీ అని ఒక వంటావిడ — మనిషి పీపా అంత, గొంతు పది పీపాలంత — ఇక్కడ బండి ఆపమని మొత్తుకుంది. తోలేవాడు ఆపలేదు. బండి దొర్లింది... ఆవిడ దొరకనే లేదు. టోపీ ఒక్కటే తేలింది.

అప్పట్నుంచీ ఆవిడకి కోపం. ఏరు పొంగినా ఆవిడ కోపమే, ఎండినా ఆవిడ కోపమే.

కానీ ఆ కోపం వెర్నా కోపం ముందు ఏపాటిది!

వెర్నా అక్కడి పశువుల స్టేషన్‌లో, అంటే ఊళ్ళకి ఊళ్ళంత పశువుల ఫారంలో, తిండిబండి తోలే మనిషి. దూరాన బీళ్ళలో మందలు కాసేవాళ్ళకి మాంసం, రొట్టె, టీపొడి మోసే ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆమె చేతుల్లోనే ముసలిదైంది. బండి దిగితే తాళం ఆమె మెళ్ళో తాడుకి వేలాడాల్సిందే. స్నానానికి కూడా తియ్యదు.

ఈ ఏడు ఆ బండికి రోగం పట్టింది. ఎప్పుడు వచ్చినా ఈ దిగుడు దగ్గరే... బ్రేకు పెడల్ మీద కాలేస్తే వెన్నలో వేసినట్టు నేలదాకా దిగిపోవడం. ఇంకెక్కడ తొక్కినా రాయిలా నిలబడేది.

మొన్న బండి ఏట్లో పడి, పక్కన కూర్చున్న ముసలాయన క్లారీ భుజం విరిగింది. వెర్నా నిద్రపోయిందన్నారు. కళ్ళు కనపడటం లేదన్నారు. బాసు లాక్లన్ అయితే అందరి ముందూ వేలు చూపించి బెదిరించాడు.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే తాళం ఇచ్చెయ్. వంటింట్లో కూర్చుని దుంపలు చెక్కుకో."

మెకానిక్ నెవిల్ బ్రేకు ప్యాడ్లు మార్చాడు. మాస్టర్ సిలిండర్ మార్చాడు. గొట్టాలు మార్చాడు. బ్రేకు ఆయిల్ మార్చి గొట్టాల్లో గాలి తీశాడు. ఒక్క తన బుర్ర తప్ప అన్నీ మార్చాడు.

"లోపం బండిలో లేదు పెద్దమ్మా," అన్నాడు చివరికి చేతులు తుడుచుకుంటూ. "నీ మోకాల్లో ఉంది."

వెర్నా ముఖం చూసి షెడ్డు మీది రేకులు కమిలిపోయాయి.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"నా మోకాలు చూద్దువుగాని. ఎక్కవయ్యా బండి!"

బయల్దేరేసరికే చీకటి పడింది. ఆ దారి పొడుగునా మట్టి ఇనప రేకులా అలలు అలలుగా గట్టిపడి ఉంటుంది. నెమ్మదిగా పోతే నోట్లో పళ్ళు ఒళ్ళో పడతాయి. అందుకని అక్కడ అందరూ బ్రేకు జోలికి పోకుండా, అలల నెత్తిన తేలిపోయేలా వేగంగా తోలతారు. వెర్నా ఆ రోజు ఇంకా వేగంగా తోలింది. నక్షత్రాలు వెనకబడ్డాయి.

"కాస్త నెమ్మదిగా..."

"నోర్ముయ్. నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా, భయమెందుకూ?"

గట్టు వచ్చింది. లైట్ల వెలుగులో అంచు దాకా దారి కనపడింది. ఆ తర్వాత... ఏమీ లేదు.

వెర్నా కాలు వేసింది.

పెడల్ నేలకి తగిలింది.

"తొక్కు!"

"తొక్కుతున్నా కదరా, చవటా!"

బండి ముక్కు కిందికి వాలింది. ఏరు పైకి లేచి వస్తోంది. నెవిల్ తనకి తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచి, చాలక తెలియనివాళ్ళని కూడా పిలిచాడు. వెర్నా కాలెత్తి మళ్ళీ తొక్కింది... మళ్ళీ తొక్కింది... అప్పటికి పెడల్ గట్టిపడింది. ఒడ్డున గులకరాళ్ళ మీద, నీటికి జానెడు దూరంలో, బండి ఆగింది.

చడీ చప్పుడూ లేదు.

టిక్...

టిక్... టిక్...

ఎవరో గోటితో ఇనుము మీద కొడుతున్నట్టు.

"వెర్నా..." నెవిల్ సీట్లో కిందికి జారాడు. "ఆవిడ..."

వెర్నా దిగింది. నడుం మీద చేతులు పెట్టుకుని చీకటి మీద విరుచుకుపడింది.

"ఏమే పెంగెల్లీ! నిన్ను ముంచినవాడు మగాడు. నా తాళం లాక్కుంటానన్నవాడూ మగాడే. నా మీద పడ్డావేం? సిగ్గు లేదూ? దమ్ముంటే వెళ్ళి ఆ లాక్లన్ మంచం ఎక్కు!"

టిక్... టిక్...

చప్పుడు ఎడమవైపు ముందు చక్రం దగ్గర. నెవిల్ దిగి వెళ్ళి చెయ్యి పెట్టాడు.

"అమ్మో!"

చేతికి బొబ్బ లేచింది. దెయ్యాలు చల్లగా ఉంటాయని విన్నాడు... ఇది పెనంలా కాలుతోంది. దాంతో భయం పోయి, మెకానిక్ బుద్ధి తిరిగొచ్చింది. మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, ఆ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్నులా ఊగింది. చక్రం నడిమధ్య హబ్బు మూత విప్పితే లోపల గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా ఉంది.

"బేరింగ్," అన్నాడు నెమ్మదిగా. "దిగుడులో బ్రేకు తొక్కి తొక్కి కాలిపోతున్న హబ్బుని గభాల్న చన్నీళ్ళలో దింపితే లోపలికి నీళ్ళు పీలుస్తుంది. బేరింగ్ పాడైంది, చక్రం వదులైంది. ఆ అలల దారిలో చక్రంతో తిరిగే బ్రేకు డిస్కు అటూ ఇటూ కొట్టుకుని ప్యాడ్లని వెనక్కి తోసేస్తోంది. నువ్వు మొదట తొక్కింది వాటిని దగ్గరికి తేవడానికే సరిపోతోంది."

"మరి నీ షెడ్డులో కనపడలేదేం?"

నెవిల్ నేల చూశాడు. "ఏ బండి ఎక్కినా ముందు పెడల్‌ని టకటకా తొక్కుతాను. అలవాటు. ఆ తర్వాతే పరీక్ష..."

"రోగాన్ని తరిమేసి నాడి చూశావన్నమాట!"

అతను హబ్బు మూత తుడిచాడు. "కానీ ఇన్నేళ్ళూ ఇదే ఏరు దాటావుగా. ఈ ఏడే ఎందుకు నీళ్ళు పీల్చింది?" అన్నాడు.

వెర్నా చటుక్కున ఒడ్డున ఉన్న పాత పొయ్యి రాళ్ళకేసి చూసింది.

ఇన్నేళ్ళూ ఎవరూ నేరుగా ఏట్లోకి దిగలేదు. ఈ ఒడ్డున బండి ఆపి, పుల్లలు ఏరి, నల్లడబ్బాలో టీ కాచి, మొదటి కప్పు పెంగెల్లీకని నేలమీద పోసేవాళ్ళు. మిగతాది తాగుతూ కబుర్లు చెప్పుకునేసరికి చక్రాలు వాటంతటవే చల్లారేవి. అవి చల్లారుతున్నాయన్న ధ్యాస ఎవరికీ లేదు. కొత్తగా వచ్చిన లాక్లన్ అది మాన్పించాడు. దెయ్యాలకి టీలు పోయడానికి నేను జీతాలివ్వడం లేదన్నాడు.

"ఓరి వెధవా!" వెర్నా అరుపుకి అవతలి ఒడ్డున ఆవులు లేచి నిలబడ్డాయి.

హబ్బు చల్లారాలి. పుల్లలు ఏరింది. టీ కాచింది. తిట్టుకుంటూనే మొదటి కప్పు నేలమీద పోసింది. నెవిల్ బండిలోని రేడియోలో బాసుకి అంతా చెప్పాడు, తన అలవాటుతో సహా. వెర్నా అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

"విన్నావా లాక్లన్? క్లారీ భుజం విరగ్గొట్టింది నా మోకాలు కాదు, నీ తొందర! పొద్దున్నే ఆ ముసలాడి ముందూ, అందరి ముందూ ఆ మాట చెబుతావు. తాళం నా దగ్గరే ఉంటుంది. ఏ బండి వచ్చినా ఇక్కడ ఆగుతుంది. వింటున్నావా, సచ్చావా?"

రేడియో గరగరలాడింది.

"వింటున్నా... సరే, తప్పు నాదే. చెబుతాను. బండి నీదే, తాళం నీదే." కాస్త ఆగాడు. "అక్కడ మీరిద్దరేగా ఉన్నది?"

"ఇద్దరమే. ఏం?"

"మరి... నీ వెనకాల పంచదార అడుగుతున్నదెవరు?"

నెవిల్ చేతిలో కప్పు జారింది.

వెర్నా వెనక్కి తిరగలేదు. మెడ మీది వెంట్రుకలు నిటారుగా లేచి టోపీని బెత్తెడు పైకెత్తాయి. అయినా కోపం కోపమే.

"తేలేదు!" అంది చీకట్లోకి. "పోసింది తాగు."