రేవులపాడు ఖాళీ కాలేదు

ఆదివారం మధ్యాహ్నం. వాయుగుండం పట్టి ఆత్మకూరంతా మసకేసింది. ఎరువుల కొట్టు మీద మా అద్దె గదిలో నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వెనక నవారు మంచం మీద అవ్వ చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది.

మా కంపెనీ యాప్ తొమ్మిది సర్వర్ల మీద నడుస్తుంది. ఆ గుంపును క్లస్టర్ అంటారు. కొత్త వెర్షన్ ఎక్కించాలంటే ఒక్కో సర్వర్‌నీ ఖాళీ చేసి, దాని మీది పనులన్నీ పక్కవాటికి తరలించాలి. ఇన్నాళ్లూ నలుగురు మనుషులు చేత్తో చేసేవారు. దాన్ని తనంతట తానే చేసే స్క్రిప్టు నేను రాశాను. సర్వర్లకు మా వైపు ఊళ్ల పేర్లు పెట్టాను. మర్రిపాడు, కలిగిరి, సంగం... చివరిది రేవులపాడు. అవ్వ పుట్టిన ఊరు. ఎప్పుడో రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయింది.

"చెయ్యి పెట్టకుండా తొమ్మిదీ అయితే రేపే పర్మనెంట్ చేస్తాం హర్షా. మధ్యలో ఆపావా, నీ కాంట్రాక్టు ఈ నెలతో సరి," అన్నాడు మేనేజర్ చంద్రశేఖర్ ఫోన్‌లో.

ఫోన్ పెట్టేశాక అవ్వ అడిగింది. "ఖాళీ చేయించినోళ్లని యాడ పెడతా ఉండావురా?"

"పక్క సర్వర్లో స్క్రిప్టే చోటు చూపిస్తుందిలే అవ్వా."

"మాకూ అట్నే చెప్పినారు."

ఎనిమిది ఊళ్లూ సాఫీగా అయిపోయాయి. రేవులపాడు మొదలైంది. నలభై పనులు... పన్నెండు... ఒకటి.

ఆ ఒకటి కదల్లేదు.

గదిలో ఒండ్రుమట్టి వాసన. కిటికీ మూసే ఉంది.

మొండికేసిన పనిని ఐదు నిమిషాలు చూసి బలవంతంగా తీసెయ్యమని స్క్రిప్టులో నేనే రాశాను. అదేం పనో చూద్దామని పేరు చదివాను.

"కామమ్మ... ఈ పేరు ఎవురు పెట్టినారబ్బా?"

అవ్వ చేతులు ఆగిపోయాయి.

"మా అక్క," అంది గుసగుసగా. "నీళ్లొచ్చినా ఇల్లు దిగలా. రెక్క పట్టి ఈడ్చినారు. మళ్లా ఎనక్కి పోయింది... ఆపరా నాయనా. ఆమెని ఇంకోసారి ఈడ్చబాక."

ఆపే మీట మీద వేలు పెట్టాను. ఒక్క నొక్కు చాలు. చంద్రశేఖర్ మాట చెవిలో మోగింది.

వేలు తీసేశాను.

ఐదు నిమిషాలూ నిండాయి. తెర మీద సున్నా.

ఎక్కడో దగ్గర్లోనే... బిందె నీళ్లలో మునిగినట్టు బుడబుడమని చప్పుడు. ఆగిపోయింది.

ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. 'శభాష్! పర్మనెంట్!'

తీసేసిన పని ఇంకెక్కడో మళ్లీ లేవాలి. క్లస్టర్ పద్ధతి అదే. ఎక్కడ లేచిందో వెతికాను.

కామమ్మ. నడుస్తోంది. సర్వర్ పేరు: ఆత్మకూరు.

ఆ పేరుతో నేను ఏదీ పెట్టలేదు. లెక్కపెట్టాను. పది ఉన్నాయి.

మెల్లగా వెనక్కి తిరిగాను.

అవ్వ గోడ వైపుకి జరిగి, పక్కన చోటు వదిలింది.

"రా అక్కా," అంటూ చాటను సగం అటు నెట్టింది.

మంచం కిర్రుమంది. ఖాళీగా ఉన్న వైపు నవారు కిందికి కుంగింది.