మారిషస్ పిల్ల, చాక్లెట్ పెట్టె

మేళ్లచెరువు లారీల అడ్డాలో ఆరు నెలలుగా లోడింగ్ క్లర్కు వేషంలో ఉన్న ఏజెంట్ సాయిబాబు మంగళవారం ఉదయం ఏడింటికి టీ గ్లాసు చేతిలో ఉండగానే కుప్పకూలాడు. టీలో విషం. ఊపిరి ఆగేలోపు హెడ్‌క్వార్టర్స్‌కు ఒక్క మెసేజ్ పంపగలిగాడు. అందులో మూడే మాటలు: "మారిషస్ పిల్ల. చాక్లెట్."

మర్నాడు పొద్దున సూర్యాపేట హైవే హోటల్లో ఏజెంట్ చరిత ముందు, ఇడ్లీ ప్లేటు పక్కన, ఒక ఫోటో పెట్టాడు ఆమె చీఫ్ వెంకటేశ్వర్లు.

"పేరు రూప. ఇరవై రెండేండ్లు. ముత్తాతల కాలంల మారిషస్ చెరుకు తోటలకు పోయిన తెలుగోళ్ల పిల్ల. హైదరాబాద్‌ల ఒక సెమిస్టర్ ఫుడ్ టెక్నాలజీ చదివింది. రేపు ఫ్లైట్. ఇయ్యాల పిల్లలమర్రి గుళ్లు సూస్తది, కోదాడల చాక్లెట్లు రుచి సూస్తది, సాయంత్రం మిర్యాలగూడల రైలెక్కుతది."

"సరుకేంది సార్?"

"మెమరీ కార్డ్. బయటి దేశాలల్ల ఉన్న మనోళ్లు పదకొండు మంది అసలు పేర్లు, అడ్రసులు. సాయిబాబు వెంటపడ్డ విదేశీ ముఠా చేతికి పోతే వారంల అందరూ ఖతం."

చరిత ప్లేటు పక్కకు జరిపింది. తుపాకి పట్టడం ఆమెకు నేర్పింది సాయిబాబే.

"అన్ని రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టించిన. నీ కారు ఒక్కటే వెతకరు. కోడ్, వేములపల్లి వడ్లు. కోదాడల తారా కలుస్తది."

తారా డిపార్ట్‌మెంటులో ఒక పెద్ద పేరు. నాలుగు భాషలు, రెండు పాస్‌పోర్టులు, ఎండలోనూ నలగని పట్టుచీర. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె తన మనిషని డిపార్ట్‌మెంటు నమ్మకం.

పావుగంటలో చరిత టూరిస్టు గైడు కవితగా మారిపోయింది. మెడలో ఐడీ కార్డు, కళ్లద్దాల్లో కెమెరా, చెవి కమ్మలో మైకు, బుల్లి స్పీకరు.

బస్సు దిగిన రూప రెండు చేతులూ జోడించింది.

"నమస్కారము. మీరు కవిత గారు కదా? మిమ్మల్ని అక్కా అని పిలువవచ్చునా?"

బడి పుస్తకంలోంచి దిగివచ్చినట్టున్న ఆ తెలుగుకు చరితకు నవ్వొచ్చింది. "పిలువు, దానికేముంది" అంది. కారులో రూప ముందు సీట్లోనే కూర్చుంది.

పిల్లలమర్రిలో ఆ పిల్ల ప్రతి స్తంభాన్నీ తట్టి చెవి ఆనించి వింది. నాయనమ్మకు వీడియో కాల్ చేసి నంది చుట్టూ ఫోన్ తిప్పింది. ఆ కాస్త సందులో చరిత ఆమె సంచీ గాలించింది. ఖాళీ గాజు సీసా ఒకటి దొరికింది. అనుమానంగా దాన్ని అటూ ఇటూ తిప్పి, కెమెరాకు చూపించి, మళ్లీ లోపల పెట్టేసింది.

కాసేపటికి రూపే ఆ సీసా తీసి గుడి బయట రెండు గుప్పెళ్ల మట్టి నింపింది.

"నాయనమ్మ కోరినది అక్కా. మా వారు ఏ ఊరి నుండి ఓడ ఎక్కిరో ఎవరికీ తెలియదు. అందువలన ఎక్కడి మన్నయినా మాదే."

కవితయితే ఆ మాటకు కరిగిపోయేది. చరిత మాత్రం కమ్మ సవరించుకుని "టార్గెట్ మట్టి సేకరిస్తున్నది" అని రిపోర్ట్ చేసింది.

కోదాడ బైపాస్ పక్కన కొత్తగా తెరిచిన చిన్న చాక్లెట్ కార్ఖానాలో, యజమానురాలి వేషంలో తారా ఎదురొచ్చింది. బల్ల మీద బెల్లం చాక్లెట్, అల్లం చాక్లెట్, మిరపకారం చాక్లెట్ వరుసగా ఉన్నాయి.

"నమలవద్దు అక్కా. నాలుక మీద ఉంచి ఆగవలెను. మంచిదైతే దానంతట అదే కరుగును" అంది రూప. ఒక బిళ్లను చరిత చెవి దగ్గర విరిచి ఆ టప్పుమనే చప్పుడు వినిపించింది. చరిత ముక్కను నాలుక మీద ఉంచుకుని కళ్లు మూసుకుంది. చాలా బాగుంది. డ్యూటీలో ఉన్నానన్న సంగతి అర నిమిషం పాటు ఆమెకు గుర్తు లేదు.

రూప చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే తారా దగ్గరకు జరిగింది.

"కార్డు ఆ పిల్లకిచ్చే పెట్టెలోనే ఉంది. ఇక్కడ పట్టుకోమాక. రైలు దగ్గరికి ఎవరొస్తారో చూద్దాం. స్టేషన్లో పట్టుకో."

వెళ్లేటప్పుడు తారా రెండు పెట్టెలు తెచ్చింది. ఒకటి రూపకు, ఒకటి గైడుకు. చరిత చిన్నపిల్లలా తన పెట్టె మూత తెరిచి, రూపకు చూపించి మురిసిపోయింది. "ఇంటికెళ్లి తిందువులే" అని తారా మూత వేసేసింది.

హుజూర్‌నగర్ దగ్గర చెక్‌పోస్టు. వెనక వస్తున్న తారా కారును పోలీసులు సీట్లు పీకి మరీ వెతికారు. ఏమీ దొరకలేదు. చరిత కారు దగ్గరకొచ్చిన కానిస్టేబుల్ "ఏం లోడు?" అన్నాడు.

"వేములపల్లి వడ్లు."

అతను గేటెత్తాడు. "ఇందులో వడ్లు లేవు కదా" అని రూప ఆశ్చర్యపోయింది.

మిర్యాలగూడ స్టేషన్లో తారా నవ్వుతూ ఎదురొచ్చి, "నువ్వు ఆ పిల్ల సంగతి చూస్కో. నీ సామాను నేను పట్టుకుంటాలే" అని చరిత చేతిలోని పెట్టె అందుకుంది.

వెయిటింగ్ రూమ్ తలుపు మూసుకుంది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు రూప బ్యాగు నేల మీద బోర్లించారు. బట్టలు, పుస్తకాలు, లోదుస్తులు. జడ విప్పించారు. చెప్పుల అట్టలు కోశారు. చరిత ఒక్కో చాక్లెట్‌నూ చాకుతో ముక్కలు చేసింది. కార్డు లేదు. సీసాలోని మట్టిని కూడా కాగితం మీద కుమ్మరించి వేళ్లతో కెలికింది.

అప్పటిదాకా రాయిలా నిలబడిన పిల్ల మట్టిని చూసి ఏడ్చింది.

"అక్కా, నేనేమి తప్పు చేసితిని?"

"లోపల దాచినదేదో నువ్వే చెప్పు. జల్ది అయితది."

రూప కళ్లు తుడుచుకుని ఆ ముక్కలవైపు చూసింది. "చాక్లెట్‌లోనా? అయితే నా పెట్టెలో ఉండదు. ఇవి అన్నియు నిగనిగలాడుచున్నవి. కరిగించి మరల పోసి సరిగా చల్లార్చకున్న తెల్లని మచ్చ పడును. మీ పెట్టెలో ఒకటి అట్లున్నది. మీరు సంతోషముగా ఉంటిరి, అందుకని చెప్పలేదు."

చరిత చాకు పారేసి తలుపు వైపు పరుగెత్తింది. అన్ని చెక్‌పోస్టులూ దాటించి కార్డును ఇక్కడిదాకా మోసుకొచ్చింది తనే.

ఆమె ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి రైలు కదిలింది. ఏసీ కోచ్ తలుపు దగ్గర తారా, పక్కన పెట్టె కోసం చెయ్యి చాపి నిలబడ్డ ముఠా మనిషి, తెల్ల చొక్కాలో. చరిత కడ్డీ పట్టుకుని ఎగిరి ఎక్కింది. తారా పెట్టెలోంచి మచ్చపడ్డ బిళ్లను తీసి నోట్లో వేసుకుంది. పసిపిల్ల నోట్లోంచి గుండీ తీసినట్టు చరిత ఆమె దవడలు నొక్కి రెండు వేళ్లు దూర్చింది. వేలు తెగింది, కార్డు చేతికొచ్చింది. వెనక ఎవరో చైను లాగారు. తెల్ల చొక్కా మనిషి రెండడుగులు పరుగెత్తేలోపే కానిస్టేబుళ్లు పట్టుకున్నారు.

"నీ చూపు ఆ పిల్ల మీద ఉంటే చాలనుకున్నాం" అంది తారా, పెదవులు తుడుచుకుంటూ. "ఉంది కదా."

"సాయిబాబు?"

"ఆ పిల్లను ఎరగా పెట్టామని మీకు చెప్దామనుకున్నాడు. మూడు మాటలతోనే ఊపిరి ఆగింది."

కమ్మలో చీఫ్ గొంతు "శభాష్ చరితా, గిట్ల ఉండాలె పని" అంటుండగానే ఆమె కమ్మ తీసి జేబులో వేసుకుంది.

వెయిటింగ్ రూమ్‌లో రూప నేల మీద కూర్చుని టికెట్ అంచుతో మట్టిని సీసాలోకి ఎత్తుకుంటోంది. చరిత పక్కన కూర్చుని చెయ్యి వేయబోయింది. రూప సీసా అవతలికి జరుపుకుంది.

"నా పేరు చరిత. గైడును కాదు. నీ తప్పేం లేదమ్మా, అంతా నాదే. మాఫ్ చెయ్యి."

"ఇందులో చాక్లెట్ పొడి కలిసినది. స్టేషను దుమ్ము కలిసినది. నాయనమ్మ మన దేశము ఎట్లున్నదని అడుగును. ఏమని చెప్పవలెను?"



రైలు వెళ్లిపోవడంతో హైదరాబాద్‌కు కారులోనే బయలుదేరారు. రూప ఈసారి వెనక సీట్లో కూర్చుంది. వేములపల్లి దాటుతుండగా, రోడ్డుకు రెండు వైపులా పొలాలు చూసి చరిత బండి ఆపింది. "గీడ మన్ను మంచిగుంటది. తెస్తనా?"

"వద్దు."

నల్గొండ పోయింది. నార్కట్‌పల్లి వచ్చింది. అక్కడ రూప మళ్లీ నోరు విప్పింది.

"ఆఫీసరు గారూ, ఏసీ కొంచెము తగ్గించండి."

పదకొండు మంది ప్రాణాలు కాపాడిన అధికారిణి వెంటనే తగ్గించింది.