కార్తేజ్ రేవులో అడగని పరామర్శ

తెల్లవారగానే రేవు ద్వారం దగ్గర కాపలావాడి శవం కనబడింది. గొంతు కోసి ఉంది. తలుపు గడియ సగం లాగి ఉంది.

పక్కనే నెత్తుటి చేతులతో మత్తన్. అతనూ కాపలావాడే. బతికున్నాడేమోనని లేపబోయానన్నాడు. ఎవరూ నమ్మలేదు. గోడ అవతల రోమ్ సైన్యం మకాం వేసింది. ఊళ్లో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. పొద్దుగూకేలోగా మత్తన్‌ను గోడ మీంచి తోసేయమన్నాడు సేనాపతి.

విచారణాధికారి గెర్సకోన్ చేతికి వచ్చింది కేసు. మత్తన్ అతని చెల్లెలు బత్నోఆమ్ మొగుడు. తను పొరబడితే చెల్లెలి బతుకు బుగ్గి. అసలు హంతకుడు తప్పించుకుంటే ఊరే వల్లకాడు.

శవం కొయ్యబారింది. అంటే హత్య రాత్రే జరిగింది.

ఆ పొద్దున ఊరికి ఒకే ఒక్క మంచి కబురు వచ్చింది. ముట్టడికి ముందే సాయం అడగడానికి ఎడారి రాజుల దగ్గరికి వెళ్లిన హిమిల్కాత్, శత్రువుల కళ్లుగప్పి అప్పుడే పడవ దిగాడు. సైన్యాలు వస్తున్నాయన్నాడు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు.

అతన్ని మొదట చూసింది బత్నోఆమే. మొగుడికి రొట్టె తీసుకెళ్తూ ఎదురుపడింది.

"నీళ్లడిగాడన్నయ్యా, ఇచ్చాను. అంతే," అంది జుట్టు కత్తిరించిన తల నిమురుకుంటూ.

రాళ్లు విసిరే యంత్రాలకు తాళ్లు పేనడానికి ముట్టడిలో ఊరి ఆడవాళ్లంతా జుట్టు కోసిచ్చారు. గెర్సకోన్ ఆ తలవైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి చెల్లెల్ని వెంటబెట్టుకుని గోడ మీదికి పరుగెత్తాడు.

అప్పటికే మత్తన్‌ను అంచున నిలబెట్టారు. గెర్సకోన్ హిమిల్కాత్‌ను పిలిపించాడు.

"పడవ దిగాక మొదట ఎవర్ని చూశావు?"

"మీ చెల్లెల్నే. మా వీధి పిల్లే కదా."

"ఏమడిగావు?"

"నీళ్లు."

"ఇంకేం అడగలేదా?"

"దాహంతో చస్తున్నవాణ్ణి, ఇంకేం అడుగుతాను?"

"మన ఊళ్లో ఆడది జుట్టు తీసిందంటే ఆ ఇంట్లో చావే. పగవాడైనా 'ఎవరు పోయారమ్మా' అనకుండా దాటడు. నువ్వు వెళ్లేనాటికి దీని జడ నడుం దాటి ఉంది. మరి నువ్వెందుకు అడగలేదు? నిన్ననే దొంగతనంగా ఊళ్లో దూరి ఆడవాళ్లందరి బోడి తలలూ చూశావు. రాత్రి గడియ తీస్తూ కాపలావాడి కంటబడ్డావు. వాణ్ణి చంపి, పొద్దున దూతలా పడవ దిగావు."

హిమిల్కాత్ చుట్టూ చూశాడు. మెట్ల దారిలో సైనికులు నిలబడి ఉన్నారు.

"ద్వారం తీస్తే ప్రాణాలతో వదిలేస్తామన్నారు రోమ్ వాళ్లు," అన్నాడు మెల్లిగా. "భయపడ్డాను. మీకెవరికీ భయం లేదా?"

కింద రోమ్ దూలం గోడను గుద్దుతోంది. కాళ్ల కింద రాళ్లు అదురుతున్నాయి.

బత్నోఆమ్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వడగలేదు గానీ నేనే చెబుతున్నా విను," అంది. "మా ఇంట్లో ఎవరూ పోలేదు."