మేడ కిటికీలో మనిషి

"జ్యూరీని ఇంటికి పంపెయ్యమన్నావా? మతిగానీ పోయిందా నీకు!"

కోర్టు పక్కనున్న ఇరుకు గదిలో వర్లీన్ మొగుడి మీద విరుచుకుపడింది. ఆమె భర్త డెల్బర్ట్ ఇంటి వెనక వసారాలో నొప్పి మాత్రలు దొంగచాటుగా అమ్మాడని, తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచిన పన్నెండు మంది జ్యూరీ ఉదయమే తేల్చేసింది. ఇక మిగిలింది ఇల్లు. అది నేరానికి పనికొచ్చిందా, సర్కారు లాక్కోవచ్చా అన్నది కూడా ఆ పన్నెండు మందే చెప్పాలని అడిగే హక్కు అతనిది. వద్దనుకుంటే జడ్జి చెబుతారు.

వర్లీన్ కెంటకీ కొండల్లో పాత సామాన్ల కొట్టు నడిపే మనిషి. బేరం ఎటు మొగ్గుతుందో ఎదుటివాళ్ళ ముఖం చూసి చెప్పగలదు.

"జ్యూరీ ముందు వరసలో ముసలామెని చూడలేదా? మన ఇంటి ఫోటో చూపించినప్పుడల్లా కళ్ళొత్తుకుంది. ఆమె ఒక్కతే అడ్డం తిరిగినా చాలు."

"ఆమె ఏడ్చింది ఇల్లు చూసి కాదు వర్లీన్. మేడ కిటికీ చూసి."

పోలీసులు చెట్ల చాటు నుంచి తీసిన ఫోటో అది. కింద వసారాలో డెల్బర్ట్. పైన చీకటి కిటికీలో మసకమసకగా ఒక ఆకారం... అత్తగారు ఆర్డిత్ కన్నుమూసిన గది అది. ఆమె పోయాక వర్లీన్ తాళం వేసింది. అత్తయ్యే అక్కడ నిలబడి ఇల్లు కాస్తోందని లోలోపల నమ్మింది. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్ళూ నిద్రపోయింది.

"నువ్వనుకున్నట్టు కిటికీలో ఉంది అమ్మ కాదే. మన టామ్రా. మాత్రలు బుట్టలో కిందికి దించేది. గది తాళం తీసిచ్చి నేనే దించమన్నాను."

వర్లీన్ అతని చొక్కా పట్టుకుంది. "కన్నకూతుర్నా... నువ్వు మనిషివేనా?"

"తర్వాత తిట్టుకో. జ్యూరీ ఉంటే ఏ గదిలో ఏం జరిగిందో అడుగుతారు. ఆ ఫోటో పెద్దది చేసి గోడ మీద వేస్తారు, టామ్రా కూడా దొరికిపోయి జైలుకెళుతుంది. జడ్జి ముందు వాదించకుండా వదిలేస్తే, పోయేది ఇల్లొక్కటే."

పక్కనే ఉన్న డెల్బర్ట్ లాయరు గొంతు సవరించుకున్నాడు. "సర్కారు తరఫువాళ్ళు కూడా జ్యూరీని అడగడం లేదమ్మా. మీ మాట కోసమే మీ ఆయన సంతకం పెట్టకుండా ఆగాడు."

ఇల్లు పోతే ఇంకో కప్పు దొరుకుతుంది. పిల్ల ఏ సంతలోనూ దొరకదు. వర్లీన్‌కు ఆ లెక్క వెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు.

"జ్యూరీ వద్దని సంతకం పెట్టు" అంది.

బయట బల్ల మీద టామ్రా ఒదిగి కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇల్లు పోయిందా అమ్మా?"

"పోయినట్టే. లే, వెళదాం."

టామ్రా లేవలేదు. "ఆ ఫోటోలో ఉంది నేనే. నాన్న చెప్పేసి ఉంటాడులే. కానీ ఆ రోజు గదిలో నేనొక్కదాన్నే ఉన్నానమ్మా... మరి ఫోటోలో నా భుజం మీదున్న ఆ చెయ్యి ఎవరిది?"

వర్లీన్ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆ భుజం మంచుముద్దలా తగిలింది.

"ఎవరిదైతేనేం తల్లీ... ఇన్నాళ్ళూ ఆవిడ పట్టుకుంది. ఇక నేను పట్టుకుంటాను."