బెణకని కాలు

ఆదివారం పొద్దున్నే శ్రీవిద్య పులిహోర కలిపి పక్కన పెట్టి, మందుల డబ్బాలోంచి క్రేప్ బ్యాండేజ్ తీసింది. కాసేపట్లో సత్యనారాయణ వ్రతం. వాళ్లుండే అమెరికా ఊరు ఇర్వింగ్‌లో తెలిసిన తెలుగువాళ్లంతా వస్తారు.

కూతురు అనిక కాలేజీ గుర్రపు స్వారీ టీమ్‌లో ఉంది. పోయిన నెల సీజన్ మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. డిప్రెషన్ అని, ఈ సెమిస్టర్ స్వారీ వద్దని డాక్టర్ చెప్పింది. అడిగినవాళ్లకు మాత్రం శ్రీవిద్య కాలు బెణికిందని చెప్పుకొచ్చింది. ఏ కాలు అంటే ఎడమ కాలు అని కూడా చెప్పింది, పాపం. ఒకసారి నోరు జారాక ఇక మోయక తప్పదు కదా.

అనిక ఇంకా మంచం దిగలేదు.

"లే తల్లీ, స్నానం చేసి రా. ఎడమ కాలికి ఇది చుట్టేస్తాను. కాస్త కుంటితే చాలు."

"కుంటాలా?"

"కాసేపే కదే! రాధారాణి ఆంటీ నోరు నీకు తెలీదా? రేపు సంబంధాలు చూసేటప్పుడు..."

"మమ్మీ, నాకు నైన్టీన్!"

గుమ్మంలో నిలబడ్డ తండ్రి రాజీవ్ నెమ్మదిగా అడిగాడు. "ఎన్నిసార్లు పడినా లేచి ఎక్కేదానివి కదరా. ఇప్పుడేమైంది?"

అనిక గోడకేసి చూస్తూ చెప్పింది.

"కాంపిటిషన్‌లో మన గుర్రం ఉండదు డాడీ. డ్రా తీస్తారు, ఏ గుర్రం వస్తే దాన్నే ఎక్కాలి. నేను స్కేర్డ్‌గా ఉంటే దానికి తెలిసిపోతుంది. అందుకే లోపల ఏడుస్తున్నా బయట కామ్‌గా ఉండాలి. కోచ్ ముందు, టీమ్ ముందు రోజూ అదే చేశాను. గుర్రం ముందు చేయలేకపోయాను. దిగిపోయాను. ఇంటికొస్తే మళ్లీ యాక్ట్ చేయమంటున్నారు. ఐ యామ్ సో టైర్డ్."

రాజీవ్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"కొన్నిసార్లు పొద్దున్న లేవకపోతే బాగుండు అనిపించేది. డాక్టర్‌కి చెప్పాను. మమ్మీ ఏడుస్తుందని మీకు చెప్పలేదు."

శ్రీవిద్య చేతిలోని బ్యాండేజ్ పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లకు ఏం చెప్పాలా అని తలబద్దలు కొట్టుకుంది గానీ, పిల్ల తనకేం చెప్పలేకపోతోందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇంతలో కాలింగ్ బెల్ మోగితే శ్రీవిద్య కిందికెళ్లి తలుపు తీసింది. రాధారాణి పూలు పట్టుకుని అందరికంటే ముందే దిగింది.

"ఏదమ్మా మీ అమ్మాయి? కాలెలా ఉంది?"

అలవాటైన మాట శ్రీవిద్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కాలికేం కాలేదండీ. నేనే అబద్ధం చెప్పాను. దానికి మనసు బాలేదు. డిప్రెషన్. ట్రీట్‌మెంట్ తీసుకుంటోంది."

రాధారాణి గొంతు తగ్గించింది. "సరే, పూజ దగ్గరికి రమ్మని పిలవకులే. పడుకోనీ" అని పూలు తీసుకుని లోపలికి నడిచింది. సాయంత్రానికి ఈ మాట ఇర్వింగ్ అంతా పాకుతుంది. పాకనీ అనుకుంది శ్రీవిద్య. అంత అలసటలోనూ మనసు తేలికపడింది.

వెనక్కి తిరిగితే మెట్ల మీద అనిక. అంతా విన్నట్టుంది.

"మమ్మీ, ఏడుస్తున్నావా?"

"ఏడుస్తాను. తల్లిని, ఏడవనా?" శ్రీవిద్య వెళ్లి పక్కన కూర్చుని కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నేనేడుస్తానని మాత్రం నువ్వు చెప్పడం మానకు."