పెచ్చులూడిన పసుపు బండి

చిలకలగూడలో ఇరానీ హోటల్ మీద ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ రామభద్రరావు ఆఫీసుకి ఆ శనివారం ఉదయం వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు. చెంగు గుప్పిట్లో నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. పేరు సువార్త, ఉండేది మౌలాలిలో.

"మా ఆయనను దొంగ అంటున్నడు సార్ సేటు. సోమవారం పోలీసులకు పట్టిస్తడంట."

"ముందు కూర్చోమ్మా. ఇంద్రజా, కింద టీ చెప్పు" అన్నాడు రామభద్రరావు.

ఇంద్రజ ఆయన అసిస్టెంటు. ఆయన ఏం చెప్పినా ఆ పిల్లకి వేదవాక్కే. ఆయన పొరబడ్డప్పుడూ వేదవాక్కే, అదే చిక్కు.

టీ తాగాక సంగతి బయటికొచ్చింది. సువార్త భర్త యేసురాజు బోయిన్‌పల్లిలో మధుసూదన్ అనే ఆయన షెడ్డులో స్ప్రే పని చేస్తాడు. సామాను మోసే బండి వెనక తొట్టికి గీతలు పడకుండా, తుప్పు పట్టకుండా లోపల రబ్బరు లాంటి దళసరి పూత కొడతారు. మాదాపూర్ కంపెనీలకి భోజనాలు పంపే కన్నారావు తన కొత్త బండికి అది కొట్టించాడు. వారం తిరక్కుండా పూత పెచ్చులూడింది. పూతకి వాడే అసలు మందు అమ్ముకుని నకిలీది కొట్టాడని యేసురాజు మీద పడ్డాడు యజమాని.

"కేసయితే బోయిన్‌పల్లిల ఇంకెవ్వలు పనియ్యరు సార్. ఆయనకు ఇంకో పని రాదు. తిండి సుత తింటలేడు."

"మీ ఆయన్ని నువ్వు నమ్ముతున్నావా?"

"ఇంట్ల చక్కెర డబ్బా యాడుంటదో తెల్వదు సార్ ఆయనకు. మందు మార్చే తెలివి యాడికెల్లొస్తది?"

రామభద్రరావు నవ్వి చెప్పులేసుకున్నాడు.

షెడ్డు ముందు బండి ఎండకి పసుపుపచ్చగా మెరుస్తోంది. మధుసూదన్ వాళ్ళని చూడగానే మొదలుపెట్టాడు.

"అందరూ నల్ల కోటింగే కొట్టించుకుంటారండీ. ఈయనేమో బండిది ఏ పసుపో తొట్టిలోనూ అదే పసుపు కావాలన్నాడు. సరే అన్నాం. యేసురాజు ఓ పూటంతా కూర్చుని రంగు కలిపాడు. రేకు ముక్క మీద కొట్టడం, ఎండలో బండి పక్కన పెట్టి చూడటం, మళ్ళీ కలపడం."

"అంత శ్రద్ధగా రంగు కలిపినవాడు నకిలీ మందు కొడతాడా?"

"శ్రద్ధ నటించేవాళ్ళతోనే ప్రమాదమండీ. నిప్పు లేనిదే పొగ రాదు."

రామభద్రరావు తొట్టిలోకి ఎక్కాడు. క్యాబిన్ వైపు గోడకి అరచెయ్యంత పెచ్చులు వరసగా ఊడాయి. నేల మధ్యలో పళ్ళెమంత గుండ్రటి పెచ్చు లేచింది. మిగతా చోట చాకు మొన పెట్టి ఎంత పెకలించినా పూత కదల్లేదు. ఆయన ఒక పెచ్చు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"రెండు వైపులా పసుపే కదండీ" అంది ఇంద్రజ.

"అవును. అదే వచ్చిన తంటా" అని పెచ్చు జేబులో వేసుకున్నాడు.

యేసురాజు ఓ మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పిలిస్తే లేచాడు గానీ తలెత్తలేదు.

"పూత కొట్టేముందు ఏం చేశావు?"

"గరుకు కాయితంతోటి మొత్తం రుద్దిన సార్. కడిగి ఆరబెట్టి, థిన్నర్ తోటి తుడిచిన. ఇగ పొద్దువోయింది. షెడ్ల జాగ లేదని కన్నారావు సార్ బండి ఇంటికి తీస్కపోయిండు. తెల్లారి మళ్ళ తెచ్చిండు."

"తెల్లారి మళ్ళీ తుడిచావా?"

యేసురాజు యజమాని వైపు చూశాడు.

"చెప్పవయ్యా."

"తుడుస్తనన్న సార్. నిన్న తుడిచినం గదా, వెనక ఇంకో బండి ఉన్నది, షురూ జెయ్ అన్నడు సేటు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మధుసూదన్ అడక్కుండానే అందుకున్నాడు. "టార్పాలిన్ కప్పే తెచ్చారండీ. దుమ్ము కూడా పడలేదు."

కన్నారావు ఇల్లు కూరగాయల మార్కెట్టు వెనక సందులో ఉంది. ఆయన కుంటుకుంటూ వచ్చి గేటు తీశాడు. అరుగు మీద ఆయన తల్లి అచ్చియమ్మ తమలపాకులకి సున్నం రాస్తోంది.

"బండి ఆ రాత్రి ఇక్కడే ఉందండీ. టార్పాలిన్ కప్పాను, గేటుకి తాళం వేశాను. బయటివాళ్ళెవరూ రాలేదు" అన్నాడు కన్నారావు.

"కొత్త బండి కదా, పూజ చేయించారా?"

"కోటింగ్ అయ్యేదాకా నూనె, కొబ్బరినీళ్ళు తగలకూడదన్నారండీ. తరవాత చేద్దామన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

"ముందు బండప్పుడూ ఇలాగే తరవాత, తరవాత అన్నాడు బాబూ" అంది అచ్చియమ్మ ఆకు మడుస్తూ. "కాలిరగ్గొట్టుకుని మంచం మీద పడ్డాడు. ఆ కుంటు నాకు రోజూ అగుపిస్తానే ఉంటాది."

రామభద్రరావు ఆవిడనడిగి ఒక ఆకూ, కాస్త సున్నం పుచ్చుకున్నాడు. ఆయనకి తాంబూలం అలవాటు లేదని ఇంద్రజకి తెలుసు. ఆయన దాన్ని నోట్లో వేసుకోకుండా మడిచి జేబులో పెట్టుకోవడం చూసి ఇంకా ఆశ్చర్యపోయింది.

ఆ సాయంత్రం అందర్నీ షెడ్డుకి రమ్మన్నాడు. కన్నారావు తల్లిని కూడా తీసుకొచ్చాడు. సువార్త భర్త పక్కన నిలబడింది. రామభద్రరావు జేబులోంచి పెచ్చు తీశాడు.

"మందు నకిలీదైతే పూత మొత్తం లేచిపోవాలి. ఊడింది అరచేతులంత మేర, నేల మీద ఓ గుండ్రం మేర మాత్రమే. అంటే తప్పు మందులో లేదు. ఆ చోట్ల పూత కింద ఏదో ఉంది. ఇదిగో, ఇది పెచ్చు పైవైపు."

ఆకు విప్పి, తడిపిన సున్నం పెచ్చు మీద రాశాడు. తెల్లగానే ఉంది. పెచ్చు తిప్పి అడుగున రాశాడు. చూస్తుండగానే పారాణిలా ఎర్రబడింది.

"పసుపు" అంది ఇంద్రజ.

"నూనెలో కలిపిన పసుపు. నూనె ఉన్నచోట ఈ పూత పట్టదు. పసుపు బండి కాబట్టి కొట్టేముందు యేసురాజుకి కనపడలేదు. పసుపు పూత కాబట్టి ఊడాక మీకూ కనపడలేదు. అందరిలా నల్లది కొట్టించి ఉంటే పెచ్చు తిప్పగానే దొరికిపోయేది. ఇక, తుడిచిన సాయంత్రానికీ కొట్టిన పొద్దుటికీ మధ్య బండి ఉన్నది ఒక్క ఇంట్లోనే."

కన్నారావు మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

"నానే బాబూ" అంది అచ్చియమ్మ. "ఇంటికొచ్చిన బండిని ఒట్టినే ఎలా పంపుతాం? కుంకుమెడితే అగుపిస్తాదని ఒట్టి పసుపే నూనెలో కలిపి సేతులద్దినాను, మద్దిలో ముగ్గెట్టినాను. పైన పూతేసెత్తారు గదా, అమ్మోరు అడుగునే ఉండి నా కొడుకుని కాసుకుంటాదనుకున్నాను. పెచ్చులూడినాయంటే అమ్మోరికి కోపమొచ్చిందేటోనని ఏడిసినాను. ఈ బాబుని దొంగన్నారని నాకు తెల్దు."

"అమ్మా, నువ్వు..." అని కన్నారావు గొంతు పెంచాడు.

"తిట్టకు సార్" అన్నాడు యేసురాజు. ఆ రోజు అతను తనంతట తాను నోరు తెరవడం అదే మొదలు. "తల్లి గదా."

"తిలా పాపం తలా పిడికెడు" అన్నాడు రామభద్రరావు. "మళ్ళీ తుడుస్తానంటే వద్దన్నది మీరు, మధుసూదన్ గారూ. ఈ అమ్మది భయం, మీది తొందర. ఏ తప్పూ లేనివాడు ఇతనొక్కడే."

మధుసూదన్ ముఖం కందగడ్డలా అయింది. "సరేలేవయ్యా, సోమవారం పనిలోకి వచ్చెయ్" అన్నాడు.

"గట్లెట్ల సేటు?" అంది సువార్త. పొద్దున గుమ్మంలో నిలబడ్డ మనిషి కాదు. "నలుగురి ముంగట దొంగ అన్నవ్. నలుగురి ముంగటనే కాదని చెప్పు."

షెడ్డులో పనులు ఆగిపోయాయి. మధుసూదన్ పనివాళ్ళందర్నీ పిలిచి, యేసురాజు దొంగ కాదనీ, తప్పు తనదేననీ చెప్పాడు. చెప్పడం చేతకాక రెండుసార్లు తడబడ్డాడు గానీ, చెప్పాడు. యేసురాజు మొహం పక్కకి తిప్పుకుని చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

మరుసటి వారం యేసురాజు పాత పూత గీకేసి, తొట్టి మళ్ళీ మళ్ళీ తుడిచి, కొత్తగా కొట్టాడు. బాగా ఆరాక అచ్చియమ్మకి కబురు పెట్టాడు. రామభద్రరావు, ఇంద్రజ, సువార్త కూడా వెళ్ళారు. ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని బండి దగ్గర తటపటాయిస్తూ నిలబడింది.

"ఇప్పుడు పెట్టమ్మా. కుంకుమ సుత పెట్టు. నూనె జెర ఎక్కువ పోస్కున్నా ఏం గాదు" అన్నాడు యేసురాజు.

అచ్చియమ్మ తొట్టి నిండా చేతులద్దింది. కొడుకుని పిలిచి కొబ్బరికాయ కొట్టించింది. తరవాత వెనక్కి తిరిగి, అదే పసుపు చేత్తో యేసురాజు తల నిమిరింది. జుట్టంతా పచ్చబడింది.

"రేపు చర్చికి గిట్లనే వస్తవా?" అని నవ్వింది సువార్త.

యేసురాజు చేతిలో తుడిచే గుడ్డ ఉంది. తల మాత్రం తుడుచుకోలేదు.