నిశ్శబ్దం తెలిసినవాడు

అక్కాచెల్లెళ్లిద్దరూ గుమ్మంలోకి వచ్చేసరికి టైపిస్టు మిషను మీద గుడ్డ కప్పుతోంది. లోపలి బల్ల దగ్గరున్న ప్రైవేటు డిటెక్టివును ఊరంతా సూదమ్మ అంటారు. ఆవిడ చూపు అలాంటిది.

చెల్లెలు చేపల కంపెనీలో ప్యాకింగు పనిచేస్తుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. అక్క చెప్పబోతే వారించి, జరిగింది తనే చెప్పింది. సరుకు సర్దడానికి కోల్డురూములోకి వెళ్లినప్పుడు దీపం ఆరిపోయింది. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడెవడో వెనకనుంచి వచ్చి ఆమెను చెరిచాడు. యంత్రాలు చూసే కాంట్రాక్టరు మనుషుల పనై ఉంటుందని కంపెనీ చేతులు దులుపుకుంది. ఆమె తన దగ్గర పనిచేయడం లేదు కనక తన మీద దావా వేసే హక్కే లేదన్నాడు కాంట్రాక్టరు. ముఖం చూడలేదనగానే పోలీసులూ చల్లబడ్డారు.

“ఇంకేమైనా గుర్తుందామ్మా?” అంది సూదమ్మ.

“దీపంతోపాటు ఫ్యాన్లు కూడా ఆగిపోయాయండీ. వాడి ఊపిరి వినపడింది. ఈ ముక్క ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.”

“నీకేం కావాలి?”

“జాలి మాత్రం వద్దు. వాడూ, వాణ్ణి అక్కడికి పంపినవాడూ మళ్లీ తలెత్తుకోకూడదు.”

మర్నాడు కోల్డురూములో అడుగుపెట్టగానే టైపిస్టు చెవులు గింగురుమన్నాయి. ఫ్యాన్ల హోరులో సూదమ్మ మాట వినడానికి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. ఆ గది దీపానికీ ఫ్యాన్లకీ స్విచ్చులు పక్కనున్న మిషను గదిలో ఉన్నాయి. దాని తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉంటాయి: కంపెనీ సూపర్‌వైజరు, కాంట్రాక్టరు మెకానిక్కు, కాంట్రాక్టరు ఫోర్‌మను.

సూపర్‌వైజరు మండిపడ్డాడు, కానీ అడిగినవాటికి సూటిగా జవాబిచ్చాడు. ఇక్కడికి రాకముందు తనూ ఫోర్‌మనూ ఎక్కడ పనిచేశారని మెకానిక్కును అడిగితే, ఏదో ఐసు ఫ్యాక్టరీ అని గొణిగి తల దించుకున్నాడు. దొంగ దొరికాడనుకుంది టైపిస్టు. ఫోర్‌మను మాత్రం కుర్చీ తుడిచి మరీ వాళ్లను కూర్చోబెట్టాడు.

“అంత నిశ్శబ్దంలో కేక పెడితే బయటికి వినపడదా అమ్మా? ఆ పిల్ల నోరే మెదపలేదంటే మనమేమనుకోవాలి?” అన్నాడు.

సూదమ్మ తలూపి లేచింది. బయటికి రాగానే మెకానిక్కు చెప్పిన ఐసు ఫ్యాక్టరీకి రిక్షా కట్టించింది.

ఆ వారమే కంపెనీ మేనేజరు గదిలో అందరినీ కూర్చోబెట్టింది. ఎస్సై, అక్కాచెల్లెళ్ల తరఫు ప్లీడరు, కాంట్రాక్టరు కూడా వచ్చారు. తలుపు పక్కన కంపెనీవాళ్లెవరికీ తెలియని ఒకావిడ నిలబడి ఉంది.

“ఆ గదిలో పక్కమనిషి మాటే వినపడదు,” అంది సూదమ్మ. “ఎవరైనా వస్తే అడుగుల చప్పుడు తెలియాలని ఆవేళ వాడు ఫ్యాన్లు ఆపాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఈ పిల్ల. ఇంకొకడు నాతో ‘అంత నిశ్శబ్దంలో’ అన్న ఫోర్‌మను.”

ఆ మాట టైపిస్టు కూడా విన్నదే.

వాడి పాపం వాడిదేనని, మధ్యలో తనకేం సంబంధమని కాంట్రాక్టరు అన్నాడు.

తలుపు దగ్గరున్నావిడ ముందుకొచ్చింది. “ఐసు ఫ్యాక్టరీలో నన్నూ ఇలాగే చేశాడు. మీ ఇంటికొచ్చి చెప్పుకున్నాను. చూస్తానన్నారు. చూసి, వీణ్ణి ఇక్కడికి పంపారు.”

మెకానిక్కు తల వంచుకునే చెప్పాడు. “ఆవిడ వచ్చిననాడు నేనక్కడే ఉన్నాను సార్. బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుందన్నారు.”

తెలిసి పంపినవాడి మీద దావా పడుతుందని, ఆమె జీతం ఎవరిస్తున్నా ఒకటేనని ప్లీడరు తేల్చాడు. ఎస్సై ఫోర్‌మను చెయ్యి పట్టుకుని లేపాడు. కాంట్రాక్టరు ఆ పిల్లవైపు వంగి, నలుగురిలో ఎందుకు, మనలో మనం మాట్లాడుకుందామన్నాడు.

“నలుగురిలోనే మాట్లాడదాం,” అంది ఆమె.

కోర్టులో ప్రతి వాయిదాకీ ఆ పిల్లా, ఐసు ఫ్యాక్టరీ ఆవిడా ముందు వరసలో కూర్చుని కాంట్రాక్టరును రెప్ప వేయకుండా చూశారు. ఫోర్‌మను జైలుకి పోయాడు. దావా వాళ్ల పక్షాన తీరాక, కాంట్రాక్టరు పేరు చెబితే ఏ ఫ్యాక్టరీ గేటూ తెరవలేదు.

తీర్పునాడు మెట్లు దిగుతూ, కడుపుమంట చల్లారిందా అని టైపిస్టు ఆ పిల్లను మెల్లగా అడిగింది.

“లేదండీ,” అంది ఆమె. “వాళ్లకీ అంటుకుంది. నాకది చాలు.”